పొగరు, జాలి, అంకె

మొన్న శివరాత్రికి సామర్లకోట వెళ్ళాను. భీమేశ్వరస్వామి ఉత్సవాల రోజుల్లో ఊళ్ళో ఏదో ఒక మూల నాటకం ఉండడం నా చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈసారి ఆడింది సాంఘిక నాటిక. ఆరు పాత్రలు, అందులో ఒక్కటే ఆడ పాత్ర. ఆ పాత్ర వేసినావిడ మా చుట్టుపక్కల పరిషత్తులన్నిటికీ తెలిసిన నటి. యాభై దాటాయి. పద్నాలుగో ఏట ముఖానికి రంగు వేసుకున్న మనిషి. సినిమాల్లోనూ, టీవీ సీరియళ్ళలోనూ తల్లిగా, పొరుగింటావిడగా కనిపిస్తుంది. పేరు రాయొద్దంది, రాయడం లేదు.

రెండు రోజులు ఒక బడి వరండాలో వాళ్ళ రిహార్సల్ చూశాను. గ్లాసు కింద పెట్టాక మాట మొదలుపెట్టు, పెడుతూ అనకు అని కొడుకు వేషగాడికి ఆవిడే చెప్పింది. రెండో రంగంలో తన ఏడుపు సగానికి సగం తనే కోసేసింది. ఏడుస్తున్నప్పుడు వెనక కీబోర్డు వద్దు, నేను ఆపేశాక ఒక్క క్షణం ఆగి అందుకోండి అంది. తండ్రి వేషం ఆయన ప్రేక్షకులకి వీపు పెడుతుంటే భుజం పట్టుకుని తిప్పింది. కరపత్రంలో 'దర్శకత్వం' అన్న చోట పేరున్న పెద్దమనిషి రెండో రోజు సాయంత్రం వచ్చి, టీ తాగి, "బాగా వస్తోంది" అని వెళ్ళిపోయాడు.

ప్రదర్శన అయ్యాక ఆవిడకి శాలువా కప్పారు. మైకులో "మన సావిత్రి" అన్నారు. వేదిక దిగాక ఒక పెద్దాయన చాలా ఆప్యాయంగానే ఇలా అన్నాడు: "నటనలో సావిత్రంతటి దానివమ్మా. ఆవిడలాగా డైరెక్షనూ అదీ అని తలకెత్తుకోలేదు కాబట్టి చల్లగా ఉన్నావు." అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

ఆ పెద్దాయనని తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆయన అన్నది ఆయన సొంత మాట కాదు. తెలుగు సమాజం సావిత్రి గురించి యాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్న కథ సారాంశం అది. ఆ కథ మూడు కారణాలు చెబుతుంది: నమ్మరాని మగవాణ్ణి నమ్మింది, తాగింది, దర్శకత్వం చేసింది. అందుకే చెడిపోయింది. ఈ మూడూ ఒకే వరసలో, ఒకే గొంతుతో చెప్తారు. ఒక స్త్రీ చేసిన మేధోశ్రమ ఆమె వ్యసనాల జాబితాలోకి ఎలా వెళ్ళింది? అక్కడికి చేర్చింది ఎవరు? అది అక్కడే ఉండిపోతుంటే మనం ఏం చేస్తున్నాం?

ముందు ఆ శ్రమ ఎంతో చూద్దాం. సావిత్రి దర్శకత్వం వహించిన మొదటి సినిమా 'చిన్నారి పాపలు' (1968). దాన్నే తమిళంలో 'కుళందై ఉళ్ళం' (1969)గా తీసింది. అదే ఏడాది తెలుగులో 'చిరంజీవి', 'మాతృదేవత'. 1971లో 'వింత సంసారం', తమిళంలో 'ప్రాప్తం'. నాలుగేళ్ళలో రెండు భాషల్లో ఆరు సినిమాలు. నటిగా పని మానేసి కాదు, నటిస్తూనే. 'చిన్నారి పాపలు'కి పి.లీల సంగీతం, రాజసులోచన నృత్యం, మోహన కళ సమకూర్చారు. నిర్మాణం కూడా స్త్రీలదే. తెరమీద స్త్రీలు ఉండడం మామూలే. తెరవెనక ముఖ్యమైన శాఖల్లో స్త్రీలని కూర్చోబెట్టి సినిమా తీయడం 1968లో తెలుగు పరిశ్రమ ఎరగని పని. 'మాతృదేవత'లో ఎన్.టి.రామారావుకి ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు చూపు తిప్పాలో చెప్పింది సావిత్రి. అప్పటికి ఆయన కూడా దర్శకుడే. ఆ సినిమా బాగానే ఆడింది. ఇవన్నీ ఎవరో దాచిపెట్టిన విషయాలు కావు. సినిమా పేర్ల పట్టికలు చూసిన ఎవరికైనా కనిపిస్తాయి. కనిపించినా కథలోకి రావు. 'ప్రాప్తం' నష్టం మాత్రం వస్తుంది. దానికి పెట్టిన డబ్బు, పోయిన ఇల్లు, ఆదాయపు పన్నువాళ్ళు, చివరికి 1980 మేలో కోమా, 1981 డిసెంబరు 26న మరణం. ఒక్క సినిమా నష్టం మిగతా అయిదు సినిమాలనీ మింగేసింది.

సొంత సినిమాలు తీసి నష్టపోయిన మగవాళ్ళు మనకి లేరా? చిత్తూరు నాగయ్య నటుడు, గాయకుడు, దర్శకుడు, నిర్మాత. 'రామదాసు' (1964) ఆయనే తీసి, ఆయనే దర్శకత్వం చేసి దెబ్బతిన్నాడు. చివరి రోజుల్లో చేతిలో డబ్బు లేదు. ఆయన కథ మనం ఎలా చెప్పుకుంటాం? దానకర్ణుడు, యోగి, లోకం తెలియని మహానుభావుడు. ఆయన దారిద్ర్యం ఆయన గొప్పతనానికి రుజువు. సావిత్రి దానాలు కూడా నాగయ్యవంతటివే. అవి మాత్రం ఆమె తెలివితక్కువతనానికి రుజువు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచి వచ్చిన ఎస్.వి.రంగారావు కూడా అదే కాలంలో మెగాఫోన్ పట్టుకున్నాడు. 'చదరంగం' 1967లో, 'బాంధవ్యాలు' 1968లో. 'బాంధవ్యాలు', 'చిన్నారి పాపలు' ఒకే ఏడాది సినిమాలు. రంగారావు అలవాట్ల గురించి మా వైపు బోలెడు కథలు చెప్పుకుంటారు. నవ్వుతూ, మురిసిపోతూ, మహారాజు లక్షణంగా చెప్పుకుంటారు. ఆయన దర్శకత్వం చేసి చెడిపోయాడని ఎవరూ అనరు. ఎన్.టి.రామారావు 'సీతారామ కల్యాణం' (1961) తీసి దర్శకుడిగా తెరమీద పేరు కూడా వేసుకోలేదు. వేసుకోకపోయినా ఆ సినిమా ఎవరిదో తెలుగు దేశమంతటికీ తెలుసు. సావిత్రి పేరు వేసుకుంది. ఎంతమందికి తెలుసు?

ఇది సావిత్రి ఒక్కదాని సంగతి కాదు. మన సినిమా చరిత్ర నటి అయిన దర్శకురాలిని మరిచిపోవడానికి మూడు పద్ధతులు కనిపెట్టింది. సావిత్రి మీద వాడింది జాలి. భానుమతి మీద పొగరు. విజయనిర్మల మీద అంకె.

భానుమతి 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం చేసింది. ఒక్క భాషలో కాదు, తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో. నటన, పాట, కథ, నిర్మాణం కూడా చూసుకుంటూ. ఇప్పటి పాన్ ఇండియా సినిమాల హోరు వింటుంటే నాకు ఆ 1953 గుర్తొస్తుంటుంది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత పిల్లలనే నటులుగా పెట్టి 'భక్త ధ్రువ మార్కండేయ' (1982) తీసింది. కాని భానుమతి అనగానే మనకి ఏ కథ చెప్తారు? 'మిస్సమ్మ' కథ. వ్రతం చేసుకుని సెట్‌కి ఆలస్యంగా వచ్చిందట, చక్రపాణి క్షమాపణ రాసిమ్మన్నాడట, రాయనందట, వేషం పోయిందట. ఆ వేషం సావిత్రికి దక్కి 1955లో 'మిస్సమ్మ' విడుదలై చరిత్ర అయింది. ఈ కథ ఎన్నిసార్లు విన్నా నీతి ఒక్కటే: పొగరున్న ఆడదానికి నష్టం, అణకువ ఉన్నదానికి లాభం. కాని అదే అణకువ గల పిల్ల పదమూడేళ్ళ తర్వాత మెగాఫోన్ పట్టుకుంటే ఏమైంది? నీతి మారిపోయింది. క్షమాపణ రాయని స్త్రీకి పొగరు అని పేరు పెట్టిన నోళ్ళే, అడగ్గానే తలవంచిన స్త్రీకి అమాయకురాలు అని పేరు పెట్టాయి. రెండు పేర్లలోనూ 'దర్శకురాలు' అన్న పేరు లేదు.

విజయనిర్మల సంగతి ఇంకా విచిత్రం. 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ను సినిమాగా తీసి తెలుగులో దర్శకురాలయింది. 'దేవదాసు' (1974) మళ్ళీ తీసింది. అక్కినేని, కృష్ణ ఇద్దరితో 'హేమాహేమీలు' (1979) తీసింది. మొత్తం 44 సినిమాలు. 2002లో గిన్నిస్ పుస్తకం ఎక్కింది. 2019లో ఆమె చనిపోయినప్పుడు పత్రికలన్నీ ఆ నలభైనాలుగునే అచ్చు వేశాయి. ఆ నలభైనాలుగులో ఒక్క సినిమాని తీసుకుని, ఈ దృశ్యం ఇలా ఎందుకు తీసింది అని అడిగిన విమర్శ వ్యాసం నా కంటపడలేదు. రికార్డు ఇచ్చి చేతులు దులుపుకున్నాం. 1953లో సావిత్రి వేసిన పార్వతిని 1974లో విజయనిర్మల తనే వేస్తూ, తనే దర్శకత్వం చేస్తూ తీసింది. మగవాడి విషాదంగా అందరి మనసుల్లో గడ్డకట్టిన కథని ఒక స్త్రీ తిరిగి తీయబూనడం ఎంత ఆసక్తికరమైన సంగతి! దాని గురించి మనకి మిగిలింది ఒక్క మాట: పాత దేవదాసు ముందు నిలవలేదు. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు 'మీనా' పోలికల మీద చర్చ జరిగింది. నవలా రచయిత్రి పేరు చెప్పాలని మనలో కొందరం గట్టిగానే అన్నాం. అనాల్సిందే. కాని ఆ కథని నలభై మూడేళ్ళ ముందే తెరమీద పెట్టిన దర్శకురాలి మాట ఆ చర్చలో ఎంతసేపు నడిచింది?

ఈ మూడు పద్ధతుల వెనకా ఒకటే నమ్మకం ఉంది. నటన ఒంటితో చేసే పని, దర్శకత్వం బుర్రతో చేసే పని. స్త్రీ ఒళ్ళు, పురుషుడు బుర్ర. నటి ఏడిస్తే అది ఆమె సహజంగా ఏడ్చినట్టు, ఏడిపించినవాడు కళాకారుడైనట్టు. సావిత్రిని పొగిడేవాళ్ళ మాటలు ఒకసారి జాగ్రత్తగా వినండి. సహజ నటి, పుట్టుకతో వచ్చిన విద్య, ఆ కళ్ళు, ఆ కన్నీళ్ళు. ఎంత డైరెక్టరు అడిగితే అంత, ఏ కంట అడిగితే ఆ కంట కన్నీరు పెట్టేదని మెచ్చుకుంటారు. ఏ కంట ఎంత కన్నీరు రావాలో కొలిచి రాల్చడం సహజం ఎలా అవుతుంది? అది లెక్క, సాధన, నిర్ణయం. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసింది చూడండి. రంగారావు నడక, భుజం విసురు, హుంకారం అన్నిటినీ దగ్గర నుంచి గమనించి, ఏది ఉంచాలో ఏది వదలాలో ఎంచుకుని, ఒక పడుచు పిల్ల ఒంటిమీద నవ్వు పుట్టేంత మేరకే పెట్టింది. ఇంకొకరి శరీర భాషను చదివి, దాన్ని సన్నివేశానికి అమర్చే పనిని ఏమంటారు? ఆ పని చేసినవాడు మగవాడైతే వీడిలో డైరెక్టరున్నాడు అంటారు.

నిజానికి రంగస్థలం నుంచి వచ్చిన స్త్రీలకి ఈ విభజన మొదట తెలియదు. 1926లో 'బుల్‌బులే పరిస్తాన్' తీసి మన దేశంలో మొదటి దర్శకురాలైన ఫాత్మా బేగం ఉర్దూ నాటకాల నటి. 1931లో 'కాళిదాస్'లో కథానాయిక వేసిన టి.పి.రాజలక్ష్మి నాటకాల మనిషి. 1936లో 'మిస్ కమల' తీసి దక్షిణాదిలో మొదటి దర్శకురాలైంది. మన తెలుగులో దాసరి కోటిరత్నం సొంత నాటక సమాజం నడిపి, ఆ తర్వాత 'సతీ సక్కుబాయి' (1935) నిర్మించింది. నాటక సమాజం నడిపే స్త్రీ వేషాలు పంచుతుంది, పాఠం చెప్తుంది, తెర ఎప్పుడు లేవాలో నిర్ణయిస్తుంది, రాత్రి టిక్కెట్ల లెక్క చూస్తుంది. దర్శకత్వం అనే మాట అప్పటికి అంతగా వాడుకలో లేకపోయినా పని ఉంది. పని ఉన్నంత కాలం ఆమె చేసింది. మాటకి విలువ వచ్చి, దానికి వేరే పారితోషికం, పోస్టరు మీద వేరే చోటు వచ్చాక అది ఆమె చేతిలోంచి పోయింది.

సావిత్రి ఆ నాటకాల నుంచే వచ్చింది. చిర్రావూరులో పుట్టి, విజయవాడలో నాట్యం నేర్చి, నాటకాలాడిన పిల్ల. పదమూడేళ్ళప్పుడు కాకినాడలో పరిషత్తు వేదిక మీద పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి అందుకుందని ఆమె జీవిత కథలన్నీ చెప్తాయి. ఆ రోజుల్లో విజయవాడ వైపు నుంచి రైల్లో కాకినాడ వెళ్ళే నాటకాలవాళ్ళంతా మా సామర్లకోట జంక్షన్ మీదుగా వెళ్ళాల్సినవాళ్ళే. మా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడల్లా ట్రంకుపెట్టెలతో, హార్మోనియంతో దిగిన ఆడపిల్లలు నాకు గుర్తొస్తారు. స్టేషన్‌కి నాలుగు మైళ్ళ లోపే పెద్దాపురం. పెద్దాపురం అనగానే మగవాళ్ళ ముఖాల మీద ఇప్పటికీ ఒక వెకిలి నవ్వు పుడుతుంది. కళ తెలిసిన స్త్రీల ఊరిని ఒక బూతు జోకుగా కుదించుకున్నాం. అదే పెద్దాపురంలో 1927లో పుట్టిన అంజలీదేవి పసితనంలో లోహితాస్యుడి వేషంతో రంగస్థలం ఎక్కి, కాకినాడ నాటకాల నుంచి సినిమాకి వెళ్ళింది. భర్త ఆదినారాయణరావుతో కలిసి అంజలీ పిక్చర్స్ పెట్టి 'పరదేశి', 'అనార్కలి', 'సువర్ణసుందరి', 'భక్త తుకారాం' తీసింది. వాటికి దర్శకులు ఎల్.వి.ప్రసాద్, వేదాంతం రాఘవయ్య, వి.మధుసూదనరావు. సొంత సంస్థ ఉన్న నటి కూడా మెగాఫోన్ వేరొకరి చేతికి ఇచ్చింది. ఆమె అడగలేదా, అడగాలని తోచలేదా అన్నది కాదు నా ప్రశ్న. డబ్బు పెట్టే స్త్రీని 'లక్ష్మి' అని ఒప్పుకున్న పరిశ్రమ ఆజ్ఞ ఇచ్చే స్త్రీకి ఏ పేరు పెట్టింది? భానుమతికి పెట్టిన పేరు మనం చూశాం కదా.

ఇక 'ప్రాప్తం' దగ్గరికి వస్తాను. అందరూ తిట్టే సినిమా అదే కాబట్టి. అది 'మూగమనసులు' (1964)కి తమిళ రూపం. 'మూగమనసులు' మా గోదావరి సినిమా. పడవవాడు గోపి, జమీందారు బిడ్డ రాధ, పెళ్ళై విధవగా తిరిగొచ్చిన రాధ, ఊరి నోళ్ళు, నది. ఆదుర్తి సుబ్బారావు తీశాడు. రాధ సావిత్రి. ఆదుర్తి అదే కథని 'మిలన్' (1967)గా హిందీలో తీశాడు, అది బాగా ఆడింది. అది ఆయన ప్రతిభ. సావిత్రి అదే కథని తమిళంలో శివాజీ గణేశన్‌తో తీసింది, ఆడలేదు. అది ఆమె మూర్ఖత్వం. ఆడకపోవడాన్ని నేను కాదనడం లేదు. కాని ఒక విమర్శకురాలిగా నాకు ఇంకో ప్రశ్న ఉంది. ఒక నటి తను లోపల ఉండి బతికిన కథని బయట నిలబడి తీసింది. ఆదుర్తి కెమెరా రాధని చూసిన తీరు ఆమెకి తెలుసు. ఎందుకంటే ఆ చూపు పడింది ఆమె ఒంటి మీదే. తన వంతు వచ్చినప్పుడు ఆ విధవ రాధని ఆమె ఎక్కడి నుంచి చూసింది? గౌరి పాత్రకి ఎంత చోటిచ్చింది? ఊరి మాటలు పడే దృశ్యంలో ఎవరి ముఖం చూపించింది? ఒకే కథ, ఒకే నటి, ఇద్దరు దర్శకులు. సినిమా మీద పరిశోధన చేసేవాళ్ళకి ఇంతకన్నా మంచి అంశం దొరుకుతుందా? మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి! ఈ రెండు సినిమాలని పక్కపక్కన పెట్టి చూసే పని మనలో ఎవరం పెట్టుకున్నాం?

ఇక్కడ నాకు రాబోయే సమాధానం తెలుసు. ఒక సదస్సులో ఈ మాట ఎత్తితే ఒక పెద్ద ఆచార్యులవారు చిరునవ్వుతో, "అవి అంత గొప్ప సినిమాలు కావమ్మా" అన్నారు. కాకపోవచ్చు. గొప్పవి అనమని నేను అడగలేదు. 'మాతృదేవత' అనే పేరులోనే మనం నలభై ఏళ్ళుగా పోట్లాడుతున్న భావజాలం ఉంది. స్త్రీ తీసినంత మాత్రాన అది స్త్రీవాద సినిమా అవదు. ఆ సంగతి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే తిట్టండి. దృశ్యం దృశ్యం చూసి, ఇక్కడ మాతృత్వాన్ని ఇలా మోసింది, ఇక్కడ రాజీ పడింది అని రాయండి. తిట్టడానికైనా చూడాలి కదా. అంతంతమాత్రం సినిమాలు తీసిన మగ దర్శకుల మీద షష్టిపూర్తి సంచికలు, సమగ్ర సమీక్షలు వస్తున్నాయి. సావిత్రి మీద వచ్చేవన్నీ జీవిత కథలు. 2018లో వచ్చిన 'మహానటి' కొత్త తరానికి సావిత్రిని పరిచయం చేసింది, మంచిదే. అందులో ఆడవాళ్ళే కలిసి సినిమా తీయడమూ కనిపిస్తుంది. కాని అది ఆమె దాంపత్య కథలో ఒక మలుపుగా కనిపిస్తుంది. ఒక షాట్ ఎలా పెట్టాలా అని తల పట్టుకుని కూర్చున్న స్త్రీగా ఆమె మన జ్ఞాపకంలో నిలవదు. టైటిలే చెప్తోంది కదా, మహా 'నటి'.

మగవాళ్ళ చరిత్ర రచనని తిట్టి ఊరుకుంటే ఈ వ్యాసం నాకు సులువుగా ఉండేది. కాని మన సంగతేమిటి? స్త్రీవాదులుగా సావిత్రి గురించి మనం రాసిందేమిటి? పితృస్వామ్య వివాహ వ్యవస్థకి బలైపోయిన స్త్రీ అని రాశాం. జెమినీ గణేశన్ మోసాన్ని ఎండగట్టాం. అది రాయాల్సిందే. అయితే ఆమెని బాధితురాలిగా చూపించే తొందరలో మనం కూడా ఆమె జీవితాన్ని ఒక మగవాడి చుట్టూనే తిప్పాం. వాళ్ళ జాలి మన జాలి ఒకచోట కలిసిపోయాయి. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పుడు మనం నేర్చుకున్న పాఠం ఏమిటి? స్త్రీలు పడ్డ బాధతో పాటు వాళ్ళు చేసిన పనిని కూడా వాళ్ళ నోటితో వినాలని. ఆ పాఠం సాయుధ పోరాటం దగ్గర పనికొచ్చింది. సినిమా సెట్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోయాం? సినిమా అంటే కాలక్షేపం అనే చిన్నచూపు మనలోనూ ఉందా? నేను వేలెత్తి చూపిస్తున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తెలుగు నాటకంలో స్త్రీ పాత్రల మీద డాక్టరేట్ చేసినదాన్ని నేను. పాత్రలు రాసిన మగవాళ్ళ గురించి నాలుగు అధ్యాయాలు రాశాను. ఆ పాత్రలని వేదిక మీద నడిపించిన స్త్రీలకి ఒక అధోజ్ఞాపిక ఇచ్చాను. సావిత్రి దర్శకత్వం ఆ అధోజ్ఞాపికలో కూడా లేదు.

శివరాత్రి మర్నాడు ఆ నటిగారింటికి వెళ్ళాను. "పిన్నిగారూ, దర్శకత్వం మీదే కదా, కరపత్రం మీద మీ పేరే వేయించుకోవచ్చు కదా" అన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "వేయించుకోవచ్చమ్మా. ఆయ్, వేస్తారు కూడానండి. ఆ తర్వాత మిగతా డైరెక్టర్లెవరూ నన్ను వేషానికి పిలవరు. ఈవిడొస్తే మనకి పాఠం చెప్తుంది అనుకుంటారు. ఏడాదికి ఒక నాటకం డైరెక్టు చేస్తే ఎంతొస్తుంది? ముప్ఫై రాత్రులు వేషం కడితే ఇల్లు గడుస్తుంది" అంది. కాసేపాగి, "అందుకే ఆయన పేరుంటుంది. పనేమో నేను చేసుకుంటాను. నాటకం బాగుండాలి కదా మరి" అంది.

దర్శకత్వం చేసి సావిత్రి చెడిపోయిందన్న కథ ఏం పని చేస్తుందో ఆ మాటల్లో ఉంది. అది ఎప్పుడో చనిపోయిన ఒక నటి గురించిన కబురు మాత్రమే కాదు. బతికి ఉన్న ఒక నటికి ప్రతి ఏడాదీ వేసే జరిమానా. ఆ జరిమానా రద్దు కావాలంటే ముందు ఆ కథ అబద్ధమని సాక్ష్యంతో నిరూపించాలి. ఆ ఆరు సినిమాలు వెతికి పట్టుకుని చూడాలి. 'చండీరాణి'ని, 'మీనా'ని చూడాలి. సినిమా మీద పరిశోధన చేస్తామని వచ్చే పిల్లలకి ఇవి అంశాలుగా ఇవ్వాలి. పరిషత్తుల్లో రిహార్సల్ దగ్గర కూర్చుని ఎవరు ఎవరికి ఏం చెప్తున్నారో రాసుకోవాలి. ఆ నటీమణుల మాటలు వాళ్ళు బతికుండగానే రికార్డు చేయాలి. ఈ పత్రిక ఒక సంచిక దీనికి కేటాయిస్తే మొదటి వ్యాసం నేను రాస్తాను. 'మూగమనసులు', 'ప్రాప్తం' పక్కపక్కన పెట్టి.

వచ్చేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. "ఆ సావిత్రిగారు తీసిన సినిమాలు మీకేమైనా దొరికితే నాకూ చూపించండమ్మా. ఆవిడ యాక్షను చాలా చూశానుగానండీ, ఆవిడ చెప్పి చేయించిందెలా ఉంటుందో చూడలేదు" అంది.